నూటికి నూరు: నాలుగు కాగితాలు

కిందటి వారం నేను ఆపిన చోట నా బల్ల మీద ఫోన్ మోగుతోంది. ఎత్తితే రిసెప్షన్ అమ్మాయి. కురాచి గారి భార్య వచ్చారనీ, మిమ్మల్నే కలవాలంటున్నారనీ, చిన్న మీటింగ్ రూములో కూర్చోబెట్టాననీ చెప్పింది. మధ్యాహ్నం ఒంటిగంట. సగం తిన్న భోజనం డబ్బాకి మూత పెట్టేశాను. ఎలాగూ ఈ మధ్య సగం కంటే ఎక్కువ దిగడం లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా ఘనకార్యం మళ్లీ ఒకసారి చెప్పక తప్పదు. నా పేరు ఇసోగాయ్ తొమొఎ. వయసు యాభై ఒకటి. హమామత్సు ఊరి చివర కార్లకి రబ్బరు సీళ్లు తయారుచేసే కంపెనీలో ఆఫీసు వ్యవహారాలన్నీ చూసేది నేను. ఏటా జూన్‌లో మా పార్కింగులోకి ఆరోగ్య పరీక్షల బస్సు వస్తుంది. నలభై దాటిన ప్రతివాళ్లూ రెండు రోజుల మలం, రెండు చిన్న గొట్టాల్లో పుల్లతో తీసి, పేరున్న కవరులో పెట్టి ఇవ్వాలి. ఎవరిచ్చారో ఎవరివ్వలేదో విభాగాలవారీగా చార్టు గీసి క్యాంటీన్ గోడకి అంటించేది కూడా నేనే. తొమ్మిదేళ్లుగా ఆ చార్టు నూటికి నూరు చూపిస్తోంది. మా చైర్మన్ గారు వచ్చిన అతిథులకి మెషీన్ల కంటే ముందు ఆ గోడనే చూపిస్తారు.

ఆ నూరులో నాలుగేళ్లుగా ఒకటి దొంగది. సేల్స్ చీఫ్ కురాచిది. నేనూ అతనూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం, కాబట్టి నువ్వు అని పిలుచుకునే చనువు. చీఫ్ అయ్యాక అతను నెలకి ఇరవై రోజులు రైళ్లలోనే ఉండేవాడు. మొదటి ఏడాది బస్సు వచ్చే రోజు పొద్దున హిరోషిమా నుంచి తెచ్చిన మిఠాయి పెట్టె నా బల్ల మీద పెట్టాడు. దాని మీద ఖాళీ కవరు పెట్టాడు. "ఇసోగాయ్, నువ్వే ఎలాగో చూసుకో" అన్నాడు. నేను చూసుకున్నాను. నా సొంత కవరు ముందే నింపి ఇచ్చేశాను కాబట్టి, ఆ పొద్దున టాయిలెట్‌కి వెళ్లినప్పుడు అతని గొట్టాలు పట్టుకెళ్లాను. అంతే సంగతి. ఆ తర్వాత రెండేళ్లూ మాటలు కూడా అవసరం పడలేదు. మిఠాయి పెట్టె, దాని మీద కవరు. అందులో మాకు తప్పేమీ కనబడలేదు. గోడ మీద నూరు కనబడుతోంది కదా.

ఈ ఏడాది నాలుగోసారి. జులైలో ఫలితాలొచ్చాయి. నా కవరు శుభ్రం. కురాచి పేరున్న కవరులో రక్తం ఉందని వచ్చింది. అలా వచ్చినవాళ్లు పేగులోకి కెమెరా పంపే పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చి చూపించాలి, దానికీ ఓ చార్టుంది, దానికీ నూరు కావాలి. నాది కాదు మొర్రో అని అతను ఎవరితో చెప్పుకుంటాడు? సెప్టెంబరు దాకా నాన్చి చివరికి నా పోరు పడలేక వెళ్లాడు. వెళ్లేముందు నా బల్ల దగ్గర నిలబడి, "పేగులు కడిగే ఆ రెండు లీటర్ల మందు న్యాయంగా నువ్వు తాగాలి" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

అతని పెద్దపేగులో గడ్డ బయటపడింది. అది అతనిదే, అతని సొంతం. ఎవరిదో రక్తం పట్టుకుని వెతకబోతే అతనిదే దొరికింది.

అక్కడిదాకా మీకు తెలుసు. పోయిన గురువారం ఆపరేషన్‌కి ముందు అతను నాకు ఫోన్ చేసిన సంగతి కూడా చెప్పాను. గొంతు బొంగురుపోయి ఉంది. "హరుయెకి చెప్పకు. నీ ఉద్యోగం పోతుంది, నా మానం పోతుంది. చెప్పినందువల్ల ఎవడికీ లాభం లేదు" అన్నాడు. సరేనన్నాను. ఇప్పుడు ఆ హరుయె గారే మీటింగ్ రూములో కూర్చుని ఉన్నారు.

నడవలో నడుస్తూ స్కర్టు నడుము పైకి లాక్కున్నాను. ఈ ఏడాది రెండుసార్లు కుట్టించినా మళ్లీ జారుతోంది. ఏం డైటో మాకూ చెప్పండి మేడమ్ అని అకౌంట్సు పిల్లలు వెంటపడుతుంటే నేనూ మురిసిపోతున్నాను. ఈ వయసులో చిక్కడమంటే మాటలా అని.

హరుయె గారు సోఫా అంచున కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. పొట్టి మనిషి. డ్రై క్లీనింగ్ దుకాణంలో పూటపని చేస్తారు, అక్కడి నుంచే వచ్చినట్టున్నారు, చొక్కా జేబుకి దుకాణం పిన్ను అలాగే ఉంది. చేతిలో గుడ్డలో చుట్టిన పెట్టె. ముడి విప్పి, పెట్టెని నావైపు తిప్పి బల్ల మీద పెట్టారు. మిఠాయి. ఆ తర్వాత సంచిలోంచి ఒక పెద్ద కవరు తీసి ఆ పెట్టె మీదే పెట్టారు.

ఆ మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకటే అలవాటు. ఆవిడకి ఆ సంగతి తెలియదు.

కూర్చోకుండానే ఆవిడ నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయారు. నాకు కృతజ్ఞత చెప్పుకోవడానికే ముందుగా వచ్చారట. మీరు పట్టుబట్టి పంపబట్టి కానీ లేకపోతే ఈయన ఇంకా రైళ్లలోనే తిరుగుతుండేవారన్నారు. ఇంట్లో ఎన్నోసార్లు మీ మాట అనుకున్నామన్నారు. నేను తల వంచాను, పైకెత్తలేకపోయాను. దండలు వేస్తుంటే మెడ దాచుకునే దొంగని ఎప్పుడైనా చూశారా? అదిగో, అలా ఉన్నాను.

ఎలా ఉన్నారని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా.

పేగులో గడ్డ తీసేశారన్నారు ఆవిడ. లివర్‌కి పాకినవి తీయడానికి వీల్లేదన్నారట. చిన్నచిన్నవి, చాలా ఉన్నాయట. మందులు ఎక్కిస్తూ చూద్దామని, ఎన్నాళ్లు అంటే చెప్పలేమని డాక్టరు అన్నాడట. ఆవిడ ఇదంతా దుకాణంలో రసీదు చదివినట్టు చదివారు. ఏడుపంతా ఇంట్లోనే అయిపోయి ఉంటుంది.

"డాక్టరు ఇంకో మాటన్నాడండీ. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, మూడు నాలుగేళ్ల కింద పట్టుకుని ఉంటే పుట్టగొడుగులా కోసి పారేసేవాళ్లం, అదే రోజు ఇంటికి పంపేసేవాళ్లం అన్నాడు. ఏటా పరీక్షలు చేయిస్తారు కదా మీ కంపెనీలో, అందులో తేలలేదా అని అడిగాడు."

పెద్ద కవరులోంచి కాగితాలు తీశారు. నాలుగు. ఒక్కొక్కటి బల్ల మీద వరసగా పరిచారు. కురాచి పేరు, ఏడాది, అడుగున మలంలో రక్తం అన్న గడి. మూడింటిలో లేదు, లేదు, లేదు. నాలుగోదాంట్లో ఉంది. మొదటి మూడు కాగితాల పైఅంచున గుండ్రంగా తుప్పు మరకలున్నాయి.

"అవి అయస్కాంతం మరకలు" అన్నారు నా చూపు చూసి. "ఫ్రిజ్ మీద అంటించేదాన్ని. కిందటేడాది చలికాలంలో కడుపు పట్టేస్తోందని అన్నారు, రెండు మూడుసార్లు. నేను ఈ కాగితం చూపించి కసిరాను. శుభ్రంగా ఉన్నావని రాసిచ్చారుగా, బీరు తగ్గించు, అదే పోతుందన్నాను. ఆయన కూడా కాగితం కేసి చూసి ఊరుకున్నారు."

అతను ఆ కాగితం కేసి ఎలా చూసి ఉంటాడో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

ఇంతకీ ఆవిడ వచ్చిన పని వేరే. పరీక్షల కేంద్రం మీద ఫిర్యాదు రాశారు. మూడేళ్లు వరసగా తప్పు ఫలితం ఇచ్చారని. దాని మీద కంపెనీ తరఫున నా సంతకం కావాలి. ఫలానా తేదీన ఈ ఉద్యోగి స్వయంగా నమూనా ఇచ్చాడు, నేను తీసుకుని బస్సులో అప్పగించాను అని ఒక్క వాక్యం. కింద నా పేరు కోసం ఖాళీ గీత గీసి ఉంది. వాక్యం కూడా ఆవిడే చక్కటి అక్షరాలతో రాసుకొచ్చారు.

పెన్ను చేతిలోకి తీసుకున్నానని మీ దగ్గర దాచను. తీసుకున్నాను. అంత పెద్ద కేంద్రం, రోజుకి వేలల్లో గొట్టాలు, ఎక్కడో ఏదో తారుమారైందంటే ఎవరు కాదంటారు? రేపు నాలుగు రోజులు గొడవ జరుగుతుంది, వాళ్లు వంగి వంగి క్షమాపణలు చెప్తారు, ఆవిడకి కోపం పెట్టుకోవడానికి ఓ చోటు దొరుకుతుంది. కురాచి చెప్పొద్దన్నాడు. చావుబతుకుల్లో ఉన్నవాడి మాట కాదనకూడదు కదా అని కూడా అనుకున్నాను. పిరికిదానికి సాకులు పిలవకుండానే వస్తాయి.

అప్పుడు హరుయె గారు అన్నారు, ఆ కేంద్రంలో మా కంపెనీ గొట్టాలు చూసే ఆవిడ మొన్న ఇంటికొచ్చిందని. ఫిర్యాదు ఇంకా వేయలేదు, ఫోన్‌లో అడిగానంతే, మర్నాటికల్లా వచ్చేసిందట. పద్దెనిమిదేళ్లుగా అదే పని చేస్తోందట. గుమ్మంలో చెప్పులు విడిచేచోట ఆ సిమెంటు మీదే మోకాళ్లూని, నుదురు నేలకి ఆనించి, నా వల్లే జరిగి ఉంటుంది, ఎలా జరిగిందో మాత్రం తెలియడం లేదు అందట. లేవమన్నా లేవలేదట.

"నేను లేవనెత్తలేదండీ. తలుపు వేసుకున్నాను" అన్నారు హరుయె గారు. "చాలాసేపయ్యాక తీసి చూస్తే వెళ్లిపోయింది."

పెన్ను కింద పెట్టేశాను.

ఆ ఆవిడని నేనెరుగుదును. బస్సు మెట్ల మీద నిలబడి, మా కవర్లు రెండుసార్లు లెక్కబెట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదివి టిక్కు పెట్టుకునే మనిషి. కురాచి పేరు కూడా చదివింది. నేను ఇచ్చాడన్నట్టు తలూపాను.

"హరుయె గారూ, వాళ్ల తప్పు లేదు" అన్నాను. "ఆ గొట్టాల్లో ఉన్నది మీ ఆయనది కాదు. నాది."

ఆవిడకి అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది? నేను మొదటి నుంచి చెప్పాను. హిరోషిమా మిఠాయి, ఖాళీ కవరు, చార్టు, నూరు. చెప్తుంటే నా చెవులకే ఎంత ఛండాలంగా వినిపించిందంటే, మధ్యలో ఆగిపోయి నీళ్లు తాగాల్సి వచ్చింది. ఎదురుగా ఉన్న మిఠాయి పెట్టె కేసి చూడలేక గోడ మీద కేలండర్ కేసి చూస్తూ పూర్తిచేశాను. మూడేళ్లలో ఒక్కసారి అతనే ఇచ్చి ఉంటే అది బయటపడి ఉండేదన్న మాట కూడా నేనే అన్నాను. ఆవిడ నోటితో అనిపించుకోవడం కంటే అదే నయమనిపించింది.

ఆవిడ అరుస్తారనుకున్నాను. చెంప మీద కొడతారనుకున్నాను, కొట్టమని ముఖం కూడా వంచాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. క్యాంటీన్ నుంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆయనకి తెలుసా?" అన్నారు.

"తెలుసు."

"నాలుగేళ్లూ?"

"నాలుగేళ్లూ."

"అయితే చలికాలంలో ఫ్రిజ్ ముందు నిలబెట్టి కసిరినప్పుడు, అది తనది కాదని తెలిసే ఊరుకున్నారన్నమాట." "ఏం మనుషులండీ మీరు? పని, పని అంటారు. పది నిముషాల పని కాదా అది? మా దుకాణంలో చొక్కాకి బొత్తం కుట్టేంత సేపు పట్టదు కదా."

తొమ్మిదేళ్లుగా క్యాంటీన్ గోడకి నేనంటించిన నోటీసులోనూ అదే ఉంది, పది నిముషాలు మీ కోసం అని పెద్దక్షరాలతో. మీ ఆరోగ్యం మీ కుటుంబానిది అని దాని కింద. అన్నీ నేనే టైపు చేశాను. ఆ నోటీసు అంటించేటప్పుడు టేపు వంకరగా పోకూడదని చూసుకున్నానే తప్ప, దాని కింద భోజనం చేసే వాళ్లెవరైనా చదువుతున్నారా అని ఒక్కనాడూ చూడలేదు. నేనూ చదవలేదు.

నేను ఉద్యోగం మానేస్తానన్నాను. కేంద్రానికి వెళ్లి ఆ ఆవిడ కాళ్ల మీద పడతానన్నాను. చైర్మన్ గారికి ఇవాళే చెప్తానన్నాను. హరుయె గారు వినడం లేదు. బల్ల మీద కాగితాల వంకే చూస్తున్నారు. వేలు మొదటి కాగితం మీద పెట్టారు, తర్వాత రెండోదాని మీద, మూడోదాని మీద. నాలుగోదాని మీదకొచ్చి ఆగిపోయారు.

"ఇది కూడా మీదే కదా" అన్నారు.

నేను నోరు తెరిచాను. అబ్బే, నా సొంత కవరు శుభ్రంగా వచ్చిందండీ అన్నాను. సోమ, మంగళవారాల్లో నాది నింపాను, బుధవారం పొద్దున మీ ఆయనది, ఒక్కరోజులో ఏం మారిపోతుంది, మొలలై ఉంటాయి, ఎక్కువ కూర్చునే ఉద్యోగం కదా అన్నాను. జులై నుంచి నాకు నేను చెప్పుకుంటూ వస్తున్న మాటలే, వరస కూడా తప్పలేదు. పైకి అంటుంటే నోటీసులో మూడో వాక్యం గుర్తొచ్చింది. రక్తం రోజూ పడదు, అందుకే రెండు రోజుల నమూనా, ఒక్కదాంట్లో కనబడినా పరీక్ష తప్పనిసరి. దాని కింద ఎర్ర గీత గీసింది కూడా నేనే.

"ఎప్పుడైనా కంటికి కనబడిందా?" అన్నారు హరుయె గారు.

ఇంతసేపూ ఆవిడ అడిగినవాటికి నిజమే చెప్పాను. దీనికి మాత్రం నోరు పెగలలేదు. సెప్టెంబరులో రెండుసార్లు కనబడింది. నెలసరి ఆగిపోయిన మనిషిని, అయినా అదే అనుకుని ఫ్లష్ బటన్ నొక్కేశాను. మొన్న మంగళవారం మూడోసారి. ఆ రోజు ఆడిట్ వాళ్లొచ్చారు. పోయిన వారం కురాచి ఆపరేషన్. ఈ వారం చార్టు మార్చాలి. నాకు టైం ఎక్కడుంది?

ఆవిడ నా ముఖం చూశారు. వదులైపోయిన నా కాలరు చూశారు. మూత పెట్టొచ్చిన నా భోజనం ఆవిడకి తెలియదు, కానీ నాకు గుర్తొచ్చింది. స్కర్టు రెండుసార్లు కుట్టించిన సంగతి గుర్తొచ్చింది. జూన్ నుంచి లెక్కపెట్టాను. ఇప్పుడు అక్టోబరు చివర.

హరుయె గారు నాలుగు కాగితాలూ తీసి, అంచులు సరిచేసి, మిఠాయి పెట్టె మీద పెట్టారు. పెట్టెని రెండు చేతులతో నావైపు జరిపారు.

"ఈ నాలుగూ మీవి. మీరే ఉంచుకోండి" అన్నారు. "నేను మిమ్మల్ని క్షమించను ఇసోగాయ్ గారూ. అది ముందే చెప్తున్నాను. మా ఆయన్ని కూడా క్షమించగలనో లేదో తెలియదు. కానీ ఇంట్లో ఆయన విషయంలో చేసినట్టే, ఇక్కడ మీ విషయంలో కూడా కాగితం చూసి ఊరుకోవడం నా వల్ల కాదు."

సంచిలోంచి ఫోన్ తీశారు. నెంబరు చూసుకోకుండానే నొక్కారు, ఈ రెండు నెలల్లో అన్నిసార్లు నొక్కి ఉంటారు. స్పీకరు పెట్టి ఫోన్‌ని పెట్టె పక్కన బల్ల మీద పెట్టారు. రెండుసార్లు మోగింది. అవతల ఒకమ్మాయి గొంతు ఆసుపత్రి పేరు చెప్పి, ఏ విభాగం కావాలంది.

"పెద్దపేగు కెమెరా పరీక్ష" అన్నారు హరుయె గారు. "వీలైనంత తొందరగా."

నేను తలుపు కేసి చూశాను. అటువైపు నా బల్ల మీద ఫోన్ మోగడం వినిపిస్తోంది. మూడు గంటలకి చైర్మన్ గారి అతిథులొస్తారు, గోడ మీద చార్టు సరిగ్గా ఉందో లేదో చూడాలి. సిగ్గులేనితనం కాకపోతే, ఆ క్షణంలో కూడా లేచి వెళ్లిపోవడానికి నా కాళ్లు సిద్ధంగానే ఉన్నాయి. హరుయె గారు లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డారు.

"సరేనండీ" అంది ఫోన్‌లో అమ్మాయి. "రోగి పేరు చెప్తారా?"

హరుయె గారు ఫోన్ కేసి గడ్డంతో చూపించారు. నా వంకే చూస్తున్నారు. నాలుగేళ్లుగా నా నమూనా వెళ్తున్న పేరు నా నోట్లో సిద్ధంగా ఉంది. కురాచి అని.

"వినబడుతోందా అండీ?" అంది ఆ అమ్మాయి. "పేరు?"